నగరపు జ్వరానికి నాడి పట్టే ఆస్పత్రి నిఘా

కోటి జనాభా ఉన్న నగరంలో ఈ వారం ఎంతమంది పడిశంతో, దగ్గుతో, జ్వరంతో బాధపడ్డారో తలలు లెక్కపెట్టి చెప్పగల ప్రభుత్వం ప్రపంచంలో ఎక్కడా లేదు. జలుబు చేసినవారిలో చాలామంది మిరియాల కషాయంతోనో, మందుల షాపులో కొన్న పారాసెటమాల్ మాత్రతోనో సరిపెట్టుకుంటారు. కొందరు వీధి చివరి ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గర సూది వేయించుకొని పనిలోకి వెళ్ళిపోతారు. ఆయాసం ముదిరి ఆస్పత్రి మంచం ఎక్కేవారు ఆ మొత్తంలో బహు కొద్దిమంది. అయినా ఫలానా వైరస్ నగరంలోకి ప్రవేశించిందనీ, అది ఇంకా పెరుగుతోందనీ, లేదా తగ్గుముఖం పట్టిందనీ ప్రజారోగ్య శాఖ చెప్పగలుగుతోందంటే అందుకు ఆధారం ఆ కొద్దిమందే. వారిని వారం తప్పకుండా ఒకే పద్ధతిలో పరీక్షించి, ఒకే కొలబద్దతో కొలిచి, ఆ అంకెల్లో కనిపించే మార్పును బట్టి ఊరి పరిస్థితిని అంచనా కట్టే శాస్త్రాన్ని రోగ నిఘా అంటారు. మార్పును పసిగట్టడమే ఈ శాస్త్రం అసలు పని. రోగుల మొత్తం సంఖ్య తేల్చడం దాని చేతిలో లేదు. ఈ సంగతి తెలియకపోతే పత్రికల్లో వచ్చే కేసుల అంకెలు భయపెట్టడానికో మభ్యపెట్టడానికో తప్ప మరెందుకూ పనికిరావు.

నిఘా కోసం ఎంపిక చేసిన ఆస్పత్రులను సెంటినల్ కేంద్రాలు అంటారు. సెంటినల్ అంటే కావలివాడు. జొన్నచేను కాసే రైతు ప్రతి సాలులోనూ తిరగడు. చేను నడుమ మంచె వేసుకొని, నాలుగు వైపులా కనిపించేటట్టు కూర్చొని, ఎటునుంచి పిట్టలు లేచాయో గమనిస్తాడు. మంచె ఎక్కడ వేశారన్నది ఎంత ముఖ్యమో, పిట్టలు రాని రోజున కూడా దానిమీద మనిషి ఉన్నాడా లేదా అన్నది అంతకన్నా ముఖ్యం. సెంటినల్ ఆస్పత్రికి కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది.

పరీక్షాశాలలు లేని కాలంలోనూ ఆస్పత్రి రిజిస్టరు ఈ కావలి పనిని కొంతవరకు చేసింది. 1918 జూన్ 10న బొంబాయిలోని పోలీసు ఆస్పత్రిలో ఏడుగురు సిపాయిలు జ్వరంతో చేరారు. ఆ జ్వరం మలేరియా జ్వరంలా లేదు, చేరినవారిలో ఒకరు రేవులో విధులు నిర్వహించే సిపాయి. తరువాతి కొద్ది రోజుల్లో షిప్పింగ్ కంపెనీల వారు, రేవు ఉద్యోగులు, బ్యాంకు గుమాస్తాలు, మిల్లు కార్మికులు వరుసగా మంచాన పడ్డారు. రోగం సముద్రం మీదుగా వచ్చిందన్న సంగతి ఆ వరుసలోనే రాసి ఉంది. కానీ దాన్ని చదివి మిగతా దేశాన్ని హెచ్చరించే యంత్రాంగం అప్పటికి లేదు. కారణమైన సూక్ష్మజీవి ఏదో కూడా ఎవరికీ తెలియదు, ఎందుకంటే మనిషికి సోకే ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ను లండన్ శాస్త్రజ్ఞులు వేరుచేసి చూపింది 1933లో. 1918 వర్షాకాలం వెళ్ళేసరికి వచ్చిన రెండో ఉధృతిలో భారతదేశం కోటి మందికి పైగా ప్రాణాలను కోల్పోయింది.

ఈనాటి నిఘాలో మొట్టమొదటి పని ఎవరిని లెక్కలోకి తీసుకోవాలో నిర్ణయించడం. దీన్ని కేసు నిర్వచనం అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం ప్రకారం 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్, లేదా అంతకు మించిన జ్వరంతో పాటు దగ్గు ఉండి, జబ్బు మొదలై పది రోజులు దాటని రోగిది ఇన్‌ఫ్లుయెంజా వంటి జబ్బు. పొడి అక్షరాల్లో ఐఎల్‌ఐ. అవే లక్షణాలతో ఆస్పత్రిలో చేర్చుకోవలసినంత విషమిస్తే అది తీవ్ర శ్వాసకోశ వ్యాధి, వైద్యుల వాడుకలో ‘సారీ’. ఈ నిర్వచనాల్లో ఏ వైరస్ పేరూ లేదని గమనించాలి. వైరస్ ఏదో ముందే తెలిసి ఉండనక్కర లేకుండా, థర్మామీటరు, ఓపీ చీటీ తప్ప మరేమీ లేని చోట కూడా ఒకే తీరుగా పనిచేయాలి కాబట్టి నిర్వచనాన్ని ఉద్దేశపూర్వకంగానే ఇంత సాదాగా ఉంచారు. పది రోజుల హద్దు పెట్టడానికి కూడా కారణం ఉంది: జబ్బు మొదలైన తొలి రోజుల్లో ముక్కులో, గొంతులో వైరస్ దండిగా ఉంటుంది, రోజులు గడిచేకొద్దీ తగ్గిపోతుంది, అందువల్ల ఆలస్యంగా తీసిన నమూనాలో వైరస్ కనబడకపోవడానికి రోగి శరీరం దాన్ని తరిమేయడం కారణమా, అసలు ఆ వైరస్ సోకకపోవడం కారణమా అన్నది తేల్చలేరు.

నిర్వచనం ఎంత బిగిస్తే అంత కచ్చితత్వం వస్తుంది, కానీ అంతమంది వల జారిపోతారు. ఇందుకు అన్నింటికంటే బాధాకరమైన ఉదాహరణ పసిపిల్లలది. ఆర్‌ఎస్‌వీ అనే పొడి పేరుతో పిలిచే రెస్పిరేటరీ సిన్సీషియల్ వైరస్ ఊపిరితిత్తుల్లోని సన్నని వాయునాళాల గోడలమీది కణాలను ఒకదానితో ఒకటి కలిపి ముద్ద చేస్తుంది. పెద్దవారికి అది మామూలు జలుబే అయినా, కొద్ది నెలల బిడ్డకు ఆ సన్నని నాళాలు పూడుకుపోతే శ్వాస అందదు. బిడ్డ పాలు తాగలేదు, డొక్కలు ఎగరేస్తుంది, కానీ చాలామంది పసికందులకు జ్వరం రాదు. జ్వరం లేదు కాబట్టి ‘సారీ’ నిర్వచనంలోకి రారు. నిర్వచనంలోకి రారు కాబట్టి స్వాబ్ తీయరు. స్వాబ్ తీయరు కాబట్టి నివేదికలో ఆర్‌ఎస్‌వీ తక్కువగా ఉన్నట్టు కనిపిస్తుంది. ఈ లోపాన్ని గుర్తించిన ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆర్‌ఎస్‌వీ నిఘా కోసం జ్వరం నిబంధనను తీసేసి నిర్వచనాన్ని విస్తరించింది. 2019 సంవత్సరానికి వేసిన ఒక అంతర్జాతీయ అంచనా ప్రకారం ఐదేళ్ళలోపు పిల్లల్లో ఈ వైరస్ వల్ల 1,01,400 మంది మరణించగా, అందులో ఆస్పత్రిలో జరిగిన మరణాలు 26,300 మాత్రమే. నలుగురు పిల్లలు పోతే దాదాపు ముగ్గురు ఏ ఆస్పత్రి రిజిస్టరుకూ ఎక్కకుండానే పోయారన్నమాట. ఆస్పత్రి నిఘాకు ఉన్న పరిమితిని ఇంతకంటే స్పష్టంగా చెప్పే అంకె మరొకటి లేదు, ఆ శాస్త్రాన్ని అభిమానించే వారందరూ దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

రెండో పని నమూనా తీయడం. చూడటానికి చిన్న పనే గానీ, నిఘా నిలిచేదీ కూలేదీ ఇక్కడే. రోగి తలను కాస్త వెనక్కి వాల్చి, సన్నని ప్లాస్టిక్ పుల్ల చివర నైలాన్ నూగు అంటించిన స్వాబ్‌ను ముక్కు రంధ్రంలోంచి పైకి కాకుండా, అంగిలికి సమాంతరంగా లోపలికి పోనిస్తారు. ముక్కు నుంచి చెవి రంధ్రం వరకు ఉన్న దూరంలో దాదాపు సగం లోతున గొంతు వెనుక గోడ తగులుతుంది. అక్కడ కొద్ది క్షణాలు ఉంచి, మెల్లగా తిప్పి బయటకు తీసేసరికి రోగి కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. చెక్కపుల్లకు చుట్టిన దూది స్వాబ్ ఇందుకు పనికిరాదు, ఎందుకంటే చెక్కలో, దూదిలో ఉండే కొన్ని పదార్థాలు తరువాతి పరీక్షను అడ్డుకోగలవు. తీసిన స్వాబ్‌ను వీటీఎం అనే ద్రవమున్న చిన్న గొట్టంలో ముంచి, పుల్లను విరిచి, మూత బిగిస్తారు. ఆ ద్రవానికి గులాబీ రంగు నిచ్చేది ఆమ్లత్వాన్ని సూచించే ఒక రసాయనం. అది పసుపు రంగుకు తిరిగితే లోపల వేరే సూక్ష్మజీవులు పెరిగాయని అనుమానించాలి. గొట్టం 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంటే 72 గంటల వరకు నిలుస్తుంది, అంతకు మించి ఆలస్యమైతే మైనస్ 70 డిగ్రీల దగ్గర గడ్డకట్టించాలి. ఐస్ ప్యాక్ కరిగిపోయిన పెట్టెలో శనివారం బయలుదేరి సోమవారం చేరిన నమూనా ‘వైరస్ లేదు’ అని చెబితే అది నగరం గురించి చెప్పిన మాట కాదు, ఆ పెట్టె గురించి చెప్పిన మాట.

పరీక్షాశాలలో జరిగే ఆర్‌టీ పీసీఆర్ అన్న పరీక్ష పేరు కరోనా కాలంలో ఇంటింటికీ తెలిసింది, దాని లోపలి తర్కం అంతగా తెలియదు. వైరస్ జన్యు పదార్థం ఆర్‌ఎన్‌ఏ అయితే దాన్ని ముందుగా డీఎన్‌ఏగా మార్చి, ఆ డీఎన్‌ఏలో ఆ వైరస్‌కే ప్రత్యేకమైన ఒక చిన్న ముక్కను వేడి, చల్లదనాల ఆవృత్తాలతో మళ్ళీ మళ్ళీ నకలు చేస్తారు. ప్రతి ఆవృత్తంలో నకళ్ళ సంఖ్య రెట్టింపవుతుంది కాబట్టి పది ఆవృత్తాలకు ఒకటి సుమారు వెయ్యి అవుతుంది, ముప్పై ఆవృత్తాలకు వంద కోట్లు దాటుతుంది. ఎన్నో ఆవృత్తంలో యంత్రం దాన్ని చూడగలిగిందన్న అంకెను సీటీ విలువ అంటారు. ఆ అంకె తక్కువైతే నమూనాలో వైరస్ ఎక్కువగా ఉన్నట్టు, ఎక్కువైతే తక్కువగా ఉన్నట్టు. ఇన్‌ఫ్లుయెంజా ఏ అని తేలిన తరువాత అది ఏ ఉపజాతికి చెందినదో చూస్తారు. వైరస్ ఒంటిమీద ముళ్ళలా పొడుచుకువచ్చే రెండు మాంసకృత్తులు, హీమాగ్లుటినిన్, న్యూరామినిడేజ్, వీటి పేర్లలోని తొలి అక్షరాలను పట్టి హెచ్1ఎన్1, హెచ్3ఎన్2 వంటి పేర్లు పెట్టారు. ఈ రెండూ ఏటా మనుషుల మధ్య తిరిగేవే.

ఈ రెండింటిలో ఏదీ కాదని తేలిన ఒక్క నమూనా ఎంత విలువైనదో హాంకాంగ్ నగరం 1997లో చూపించింది. ఆ ఏడాది మే నెలలో అక్కడి ఆస్పత్రిలో మూడేళ్ళ బాలుడు శ్వాసకోశ వ్యాధి విషమించి మరణించాడు. చిన్నపిల్లలు నిమోనియాతో చనిపోవడం ఏ పెద్ద నగరంలోనైనా అసాధారణం కాదు, కేసు షీటు మూసేసి ఉంటే కథ అంతటితో ముగిసేది. కానీ అతని శ్వాసనాళం నుంచి తీసిన ద్రవాన్ని ప్రభుత్వ వైరస్ పరీక్షాశాలకు పంపారు. అక్కడ పెరిగిన వైరస్ ఇన్‌ఫ్లుయెంజా ఏ అని తేలింది గానీ, పరీక్షాశాల దగ్గరున్న హెచ్1 కారకానికీ, హెచ్3 కారకానికీ అది స్పందించలేదు. పరీక్ష తప్పిందేమో అనుకొని పారేయకుండా అక్కడి శాస్త్రజ్ఞులు ఆ నమూనాను లండన్‌కు, అట్లాంటాకు, నెదర్లాండ్స్‌కు పంపించారు. ఆగస్టులో జవాబు వచ్చింది: అది హెచ్5ఎన్1, అప్పటివరకు పక్షులకు పరిమితమనుకున్న వైరస్. కోడి నుంచి నేరుగా మనిషికి సోకి ప్రాణం తీయగలదని వైద్యశాస్త్రం అప్పటిదాకా నమ్మలేదు. నమూనా తీసిన నాటికి హాంకాంగ్ బ్రిటిష్ పాలనలో ఉంది, ఫలితం తేలేనాటికి చైనా ఏలుబడిలోకి వచ్చింది. పాలకులు మారిన ఆ వేసవిలో కూడా నిఘా పని ఆగకుండా సాగింది.

ఆ తరువాత నెలలు నిశ్శబ్దంగా గడిచాయి. నవంబరు, డిసెంబరులలో మరో 17 మందికి అదే వైరస్ సోకినట్టు తేలింది; మొత్తం 18 మందిలో 6 మంది మరణించారు. ఆగస్టులోనే అనుమానం బలపడి ఉండటంతో ఆస్పత్రులు ఏం వెతకాలో తెలిసి వెతికాయి, శాస్త్రజ్ఞులు కోళ్ళ మార్కెట్లకు వెళ్ళి బతికున్న కోళ్ళలో వైరస్‌ను పట్టుకున్నారు. డిసెంబరు 29న మొదలుపెట్టి కొద్ది రోజుల్లో నగరంలోని దాదాపు 15 లక్షల కోళ్ళను, ఇతర పెంపుడు పక్షులను చంపించారు. దానితో మనుషుల్లో కొత్త కేసులు ఆగిపోయాయి. కోళ్ళ వ్యాపారుల నష్టం చిన్నది కాదు, ఆ నిర్ణయంపై విమర్శలూ తక్కువ కాదు. అయినా నివారణకు అవకాశమిచ్చింది మే నెలలో తీసిన ఆ ఒక్క నమూనా. మే నుంచి ఆగస్టు దాకా పట్టిన మూడు నెలలు ఈనాటి కొలతలో చాలా ఆలస్యమే. జన్యుక్రమాన్ని చదివే యంత్రాలు వచ్చాక ఆ పని రోజుల్లో అయిపోతుంది. రకం తేలని నమూనాను అనుమానంతో దాచి, పై పరీక్షాశాలకు పంపే అలవాటు మాత్రం ఏ యంత్రం వల్లా రాదు.

నిఘాలో మూడో పని లెక్క, అత్యధిక పొరపాట్లకు తావిచ్చేది కూడా ఇదే. ఒక ఆస్పత్రిలో ఒక వారం 50 స్వాబులు తీస్తే 5 పాజిటివ్ వచ్చాయని, మరుసటి వారం 200 తీస్తే 20 వచ్చాయని అనుకుందాం. కేసులు నాలుగు రెట్లు అయ్యాయని పత్రికలో శీర్షిక పెట్టవచ్చు, కానీ పరీక్షించిన నూరుమందిలో పాజిటివ్ వచ్చినవారు రెండు వారాల్లోనూ పదిమందే; వైరస్ కదలలేదు, స్వాబులు పెరిగాయి. అందుకే పాజిటివ్‌ల సంఖ్య కంటే పాజిటివ్‌ల శాతాన్ని నమ్ముతారు. ఆ శాతం కూడా ఎవరికి స్వాబ్ తీశారన్నదాన్ని బట్టి మారిపోతుంది. అనుమానం బలంగా ఉన్నవారినే డ్యూటీ డాక్టరు ఎంచి పంపితే శాతం ఉబ్బుతుంది, అందుబాటులో ఉన్నవారినల్లా పంపితే పలచబడుతుంది. అందువల్ల వార్డులో చేరిన ‘సారీ’ రోగుల్లో ప్రతి ఒక్కరికీ, లేదా రోజూ వరుసలో ముందు వచ్చిన నిర్ణీత సంఖ్యకు అన్నట్టు, డాక్టరు ఇష్టానికి వదలని నియమం ఒకటి ఉండాలి.

హైదరాబాద్‌కు ఈ లెక్కను అన్వయిస్తే దాని చిక్కులు ఇంకా బాగా అర్థమవుతాయి. నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికి మలేరియా దోమ రహస్యాన్ని 1897లో సికింద్రాబాద్‌లో ఛేదించిన సర్ రొనాల్డ్ రాస్ పేరు పెట్టినా, పాతకాలపు నగరవాసులు దాన్ని కోరంటి దవాఖానా అనే అంటారు. క్వారంటైన్ అన్న మాట జనం నోట నలిగి కోరంటి అయింది. సీజనల్ జ్వరాలు మొదలవగానే ఆ ఆస్పత్రి ఓపీ వరుస ఎంత పొడుగుందన్నది వార్త అవుతుంది, అదొక రకం నిఘాయే. కానీ ఆ వరుసను మాత్రమే చూస్తే మోసపోవచ్చు. సంక్రాంతి వారంలో నగరం సగం ఖాళీ అయి జనం సొంతూళ్ళకు వెళ్ళిపోతారు. ఓపీ పలచబడితే అది రోగం తగ్గిన గుర్తు కాదు, బస్సులు నిండిన గుర్తు. గాంధీ ఆస్పత్రిలో, ఉస్మానియాలో, పిల్లల కోసం నీలోఫర్‌లో చేరేవారిలో చాలామందిని జిల్లాల నుంచి రిఫర్ చేసి పంపుతారు. అక్కడి మంచాలు నగరం కంటే రాష్ట్రం కథ ఎక్కువగా చెబుతాయి. మరోవైపు నగరంలోనే ఉండే మధ్యతరగతి కుటుంబాలు ప్రైవేటు నర్సింగ్ హోములకు, కార్పొరేట్ ఆస్పత్రులకు వెళతాయి కాబట్టి, ఆ ఆస్పత్రుల రిజిస్టర్లు కలవని నిఘా ఒక కన్ను మూసుకొని చూసినట్టే.

ఈ కారణాల వల్ల ఏ ఒక్క వారం అంకెనూ విడిగా చూసి నిర్ణయానికి రారు. గత కొన్ని ఏళ్ళలో ఇదే వారంలో, ఇదే ఆస్పత్రిలో, ఇదే నియమంతో తీసిన నమూనాల్లో ఎంత శాతం పాజిటివ్ వచ్చిందో చూసి, మామూలు హెచ్చుతగ్గులకు హద్దుగా ఒక గీత గీస్తారు. దాన్ని ఆధార రేఖ అంటారు. వరుసగా రెండు మూడు వారాలు అంకె ఆ గీతను దాటి పైకి పోతే సీజను మొదలైందనో, కొత్తదేదో వచ్చిందనో అనుమానించి వెతకడం మొదలుపెడతారు. ఆధార రేఖ గీయడానికి ఏళ్ళ తరబడి, అందులోనూ ఏ విశేషమూ లేని వారాల్లో తీసిన నమూనాలు కావాలి. ఉపద్రవం వచ్చినప్పుడు కొన్న యంత్రాలు ఆ పాత వారాలను తెచ్చివ్వలేవు. నిఘాకు నిధులిచ్చేవారు ఎక్కువగా మరచిపోయేది ఈ ఒక్క సంగతినే.

2009లో స్వైన్ ఫ్లూగా పేరుపడ్డ హెచ్1ఎన్1 భారతదేశంలో మొదట నిర్ధారణ అయింది హైదరాబాద్‌లోనే. అమెరికా నుంచి వచ్చిన ఒక ప్రయాణికుడికి మే 16న పాజిటివ్ అని తేలింది. విమానాశ్రయంలో కాపు కాసి ప్రయాణికులను పట్టుకోవడం తొలి వారాల్లో పనికివస్తుంది. వైరస్ ఊరిలోపల ఒకరినుంచి ఒకరికి పాకడం మొదలయ్యాక విమానాశ్రయంలో థర్మామీటరు పట్టుకొని నిలబడటం వల్ల ప్రయోజనం లేదు. ఎక్కడికీ ప్రయాణించని మనిషి ఊపిరాడక వచ్చి చేరే వార్డులోనే దాని జాడ దొరుకుతుంది.

2020లో జరిగింది సరిగ్గా అదే. కరోనా పరీక్షలు మొదట విదేశాల నుంచి వచ్చినవారికీ, వారితో కలిసినవారికీ పరిమితమయ్యాయి; ఆ నియమం ప్రకారం వెతికితే దొరికేది ప్రయాణ సంబంధం ఉన్నవారే కాబట్టి, ఊరిలోపలి వ్యాప్తి లేదన్న అభిప్రాయం తనకు తానే బలపడుతూ పోతుంది. ఈ వలయంలోంచి బయటపడటానికి భారత వైద్య పరిశోధన మండలి ‘సారీ’ రోగుల వైపు చూసింది. ఫిబ్రవరి 15 నుంచి ఏప్రిల్ 2 వరకు తీవ్ర శ్వాసకోశ వ్యాధితో ఆస్పత్రుల్లో చేరిన 5,911 మంది నమూనాలను పరీక్షిస్తే 104 మందికి, అంటే 1.8 శాతానికి, వైరస్ ఉన్నట్టు తేలింది. వారు 20 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లోని 52 జిల్లాలకు చెందినవారు. మొదటి వారాల్లో సున్నా ఉన్న శాతం చివరి వారానికి 2.6కు చేరింది. ఆ పాజిటివ్‌లలో దాదాపు 39 శాతం మంది విదేశాలకు వెళ్ళలేదు, వెళ్ళివచ్చిన వారినీ, తెలిసిన రోగులనూ కలిసినట్టు చెప్పలేదు. వైరస్ వీధుల్లోకి దిగిందని తెలియజెప్పడానికి ఈ ఒక్క పట్టిక చాలు. మార్చి 20న ఆస్పత్రుల్లో చేరే ‘సారీ’ రోగులందరికీ పరీక్ష చేయాలని నియమం మార్చారు. 5,911 అన్నది భారతదేశ జనాభా ముందు ఆవగింజంత. అయినా ప్రయాణ చరిత్రతో ముడిపెట్టకుండా ఎంచిన రోగులు కాబట్టి ఆ ఆవగింజలో నిజం కనిపించింది.

ఆస్పత్రికి రానివారి జాడ తెలుసుకునే దారులు కూడా కొన్ని ఉన్నాయి. 2020లో హైదరాబాద్‌లోని సీసీఎంబీ, ఐఐసీటీ పరిశోధన సంస్థల శాస్త్రజ్ఞులు నగరపు మురుగునీటి శుద్ధి కేంద్రాల నుంచి నమూనాలు తీసి, రోగుల మలంతో పాటు బయటపడే వైరస్ జన్యు ముక్కలను కొలిచి, దాదాపు 6.6 లక్షల మందికి వైరస్ సోకి ఉంటుందని ఆగస్టులో అంచనా వేశారు; అప్పటికి తెలంగాణ రాష్ట్రం మొత్తం మీద అధికారికంగా నమోదైన కేసులు లక్షకు లోపే. మురుగునీరు ధనిక, పేద తేడా చూడదు, ఎవరి అనుమతీ అడగదు. కానీ ఎవరికి ఊపిరాడటం లేదో, ఎన్ని ఆక్సిజన్ మంచాలు కావాలో అది చెప్పలేదు. ఆ సంగతి చెప్పేది వార్డే.

ఇంత శ్రమపడి సేకరించిన అంకెల వల్ల కలిగే ప్రయోజనం ఉపద్రవాల కాలానికే పరిమితం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1952లో మొదలుపెట్టిన ఇన్‌ఫ్లుయెంజా నిఘా వ్యవస్థలో ఈనాడు 120కి పైగా దేశాల పరీక్షాశాలలు ఉన్నాయి; భారతదేశం తరఫున పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ ఉంది. ఈ పరీక్షాశాలల నుంచి వచ్చిన సమాచారం ఆధారంగా ఏటా ఫిబ్రవరిలో, సెప్టెంబరులో సమావేశమై రాబోయే సీజను టీకాలో ఏ రకాలు ఉండాలో నిర్ణయిస్తారు. టీకా ఎప్పుడు వేయించుకోవాలన్నది కూడా నిఘా చెప్పవలసిన సంగతే. భారతదేశపు పది నగరాల నమూనాలను పరిశీలించినప్పుడు శ్రీనగర్‌లో ఇన్‌ఫ్లుయెంజా చలికాలంలో, ఢిల్లీ, పుణె, కోల్‌కతాలలో జూన్ నుంచి సెప్టెంబరు మధ్య వానాకాలంలో, చెన్నై, వేలూరులలో ఈశాన్య రుతుపవనాల వేళ అక్టోబరు, నవంబరులలో ఉధృతమవుతున్నట్టు తేలింది. యూరప్ దేశాల క్యాలెండరును చూసి దేశమంతటా చలికాలం ముందు టీకా వేయడంలో అర్థం లేదని దీనివల్ల తెలిసింది.

ఒక వైరస్ లేదని చెప్పడానికి కూడా నిఘాయే కావాలి. ఇన్‌ఫ్లుయెంజా బీలోని యమగాటా అనే శాఖ 2020 మార్చి తరువాత ప్రపంచంలో ఎక్కడా నిర్ధారణగా కనిపించలేదు, అందువల్ల దాన్ని టీకాలోంచి తొలగించవచ్చని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. లక్షల నమూనాల్లో ఏళ్ళ తరబడి వెతికి, దొరకలేదని రాసుకున్నవారు ఉన్నందువల్లే ఆ మాట అనగలిగారు. భయాన్ని అణచడానికీ అదే ఆధారం. 2025 జనవరిలో హెచ్‌ఎంపీవీ అనే శ్వాసకోశ వైరస్ పేరుతో దేశమంతా కలవరం రేగినప్పుడు, జనవరి 6న కర్ణాటకలో ఇద్దరు పసిపిల్లల్లో ఆ వైరస్ దొరికిందన్న వార్త మంటకు ఆజ్యం పోసింది. ఆ ఇద్దరూ విదేశాలకు వెళ్ళినవారు కారు, మామూలు నిఘాలో భాగంగా తీసిన నమూనాల్లో దొరికినవారు. 2001లో నెదర్లాండ్స్‌లో గుర్తించిన ఆ వైరస్ అంతకు కొన్ని దశాబ్దాల ముందునుంచే మనుషుల్లో తిరుగుతోంది, ‘సారీ’ కేసుల్లో అసాధారణ పెరుగుదల ఏదీ లేదు అని ప్రభుత్వం అదే రోజు చెప్పగలిగింది. చేతిలో పాత వారాల లెక్క లేకపోతే ఆ ధైర్యపు మాటను ఎవరూ నమ్మేవారు కారు.

భారతదేశంలో 2004లో మొదలైన సమగ్ర వ్యాధుల నిఘా కార్యక్రమం కింద ఆరోగ్య కార్యకర్త లక్షణాలను ఒక ఫారంలో, వైద్యుడు తన అనుమానాన్ని ఒక ఫారంలో, పరీక్షాశాల తన ఫలితాన్ని మరో ఫారంలో పంపుతారు. ఈ మూడూ ఇప్పుడు కాగితాలు వదిలి ఆన్‌లైన్‌లోకి మారాయి. ఈ గొలుసులో చివరి కొక్కెం వైద్యుడూ కాదు, యంత్రమూ కాదు, రోగి మంచం పక్కన నిలబడి ఉన్న కుటుంబ సభ్యుడు. స్వాబ్ గొట్టంతో పాటు వెళ్ళే ఫారంలో జబ్బు ఏ తేదీన మొదలైందన్న గడి ఒకటి ఉంటుంది. రోగి పది రోజుల హద్దు లోపల ఉన్నాడా లేదా, నమూనాలో వైరస్ దొరికే అవకాశం ఎంత, ఊరిలో రోగం ఏ రోజు నుంచి పెరగసాగింది అన్న లెక్కలన్నీ ఆ ఒక్క తేదీ మీద ఆధారపడతాయి. ఆస్పత్రిలో చేరిన తేదీ దానికి బదులు కాదు, ఎందుకంటే కొందరు రెండో రోజున వస్తారు, కొందరు ఎనిమిదో రోజున వస్తారు. అడిగినప్పుడు ‘వారం నుంచి ఉందండీ’ అని చెప్పడం అందరికీ అలవాటు. ఇంట్లో ఎవరికైనా జ్వరంతో దగ్గు మొదలైతే ఆ రోజు తేదీని క్యాలెండరులో గుర్తుపెట్టుకొని, ఆస్పత్రికి వెళ్ళవలసి వస్తే సరిగ్గా ఆ తేదీనే చెప్పాలని, ముక్కులో స్వాబ్ తీస్తామంటే వద్దనకూడదని పాఠకులకు మనవి.